అబ్బా దాఢీ, అల్మారీ చాబీ

ఆపరేషన్‌కు రెండు రోజుల ముందు అబ్బా ఫజర్ నమాజ్ చదివి వచ్చి, చాయ్ గ్లాసు ముందట పెట్టుకొని తాగకుంట కూసున్నడు. పిత్తాశయంల రాళ్లు. కరీంనగర్‌ల ఆపరేషన్. రాళ్ల ఫికర్ అనుకున్న. కాదట.

"బేటీ, దాఢీ తీసేస్తరా?" అన్నడు.

మసీదు కాడ ఎవరో చెప్పిన్రట. మత్తిచ్చేటోళ్లకు దాఢీ అడ్డమైతదని, బేహోష్ అయినంక అడగకుంటనే గీకేస్తరని. ముప్పై ఏండ్లకు పైన బాయి పని చేసిన మనిషి. షిఫ్ట్ దిగి వస్తె దాఢీల నుంచి నల్ల నీళ్లు కారేటివి. తోటోళ్లు నవ్వినా తీయలే. ఇప్పుడు డెబ్బై దగ్గర పడ్డంక దాని గురించి భయపడుతున్నడు. నేను మత్తు డాక్టర్‌ను. పదమూడేండ్ల సంది ఇదే నా రోటీ. అయినా కడుపుల పుట్టిన బిడ్డను అడగడానికి ఆయనకు రెండు రోజులు పట్టింది. నాకు షరం అనిపించింది. దాఢీ గురించి కాదు, మన ఇండ్లల్ల ఈ సంగతులు ఎవరం ఎవరికి చెప్పుకోమని.

అందుకే ఇది రాస్తున్న. మీ ఇంట్ల కూడ ఒక అబ్బానో, నానానో, ఖాలానో రేపో మాపో ఆపరేషన్ బల్ల ఎక్కుతరు. కోసే డాక్టర్ పేరు అందరు అడుగుతరు. సాంస్ పట్టుకునే మనిషిని ఎవరు అడగరు.

అబ్బాకు చెప్పినట్టే మీకు చెప్త. పెద్ద ఆపరేషన్‌కు మత్తిస్తె మనిషి నిద్రపోతడు. కండరాలు సడలడానికి ఇంకొక మందు ఇస్తం. అప్పుడు సాంస్ ఆగిపోతది. ఆ టైంల ఆ మనిషి జాన్ మా చేతుల అమానత్. ముందు ముక్కు మీద, నోటి మీద మాస్క్ గట్టిగ పట్టి ఆక్సిజన్ ఇస్తం. తర్వాత నోట్ల నుంచి స్వరపేటిక దాటించి, శ్వాసనాళంల ఒక గొట్టం పెడ్తం. దాఢీ అడ్డమయ్యేది మొదటి పనికి. మాస్క్ అంచుల నుంచి గాలి లీక్ అయితది. గుబురుగ ఉంటె జెల్ రాస్తం, లేకుంటె మీద పారదర్శకమైన ప్లాస్టర్ అతికిస్తం. కొంచెం కురచ చేసుకొమ్మని అడుగుతం. అడగకుంట గీకేసుడు ఉండదు, ఉండొద్దు. ఒక మాట నిజం. దాఢీ కింద చిన్న గదువ దాగి ఉండొచ్చు, దాన్ని మేం చేత్తోటి తడిమి చూడాలె. చిన్న గదువ గొట్టం పనిని కష్టం చేస్తది.

ఆ మాట చెప్తూనే అబ్బా గదువ తడిమిన. బాగనే ఉంది. "ఆఁ అనకుంట నోరు తెరువుండ్రి, నాలుక బయటపెట్టుండ్రి" అన్న. కొండనాలుక మొదలు మాత్రం కనిపించింది, కింది భాగం నాలుక వెనుక దాగింది. మా లెక్కల ఇది మూడో తరగతి.

ఈ పరీక్ష పేరు మల్లంపాటి. దునియా మొత్తం మత్తు డాక్టర్లు రోజు ఆ పేరు పలుకుతరు, సగం మందికి అది తెలుగు ఇంటి పేరని తెల్వది. మల్లంపాటి శేషగిరిరావు గారు గుంటూరు మెడికల్ కాలేజీల చదివి అమెరికా పోయి బోస్టన్‌ల పనిచేసిన్రు. నోరు తెరిచి నాలుక బయటపెడితె లోపల ఎంత కనబడ్తది అనేదాన్ని బట్టి గొట్టం పని కష్టమా సులువా చెప్పొచ్చని 210 మంది మీద చూసి 1985ల అచ్చేసిన్రు. ఆయన మూడు తరగతులు చెప్తె, రెండేండ్లకు ఇంకో ఇద్దరు డాక్టర్లు నాలుగోది కలిపిన్రు. ఖర్చు లేదు, మిషన్ లేదు. కిటికీ కాడ నిలబడి నోరు తెరిస్తె చాలు.

తర్వాత "తల వెనుకకు వంచుండ్రి" అన్న. వంగలే. కప్పు కిందికున్న గల్లీలల్ల వంగి, తట్టా చెమ్మస్ పట్టి బొగ్గు నింపిన మెడ అది. పైకి చూడుమంటె కండ్లు మాత్రమే పైకి లేస్తయి. ఇన్నేండ్లు ఆ మెడను బిడ్డ లెక్క చూసిన. ఆ రోజు మొదటిసారి మత్తు డాక్టర్ లెక్క చూసిన, కడుపుల కలుక్కుమంది.

మెడ ఎందుకంత ముఖ్యమంటె, గొంతు తిన్నని సొరంగం కాదు. నోట్ల నుంచి పోయి మలుపు తిరుగుతది. పాత పద్ధతిల మా కన్ను, నోరు, స్వరపేటిక ఒక్క గీత మీదికి రావాలె. 1854ల మాన్యుయెల్ గార్సియా అనే పాటలు నేర్పే ఉస్తాద్ తన గొంతు తనే చూసుకోవాలని ఎండకు అద్దాలు పట్టి మొదటిసారి చూసిండు. 1943ల ఆక్స్‌ఫర్డ్‌ల రాబర్ట్ మెకింతోష్ అనే డాక్టర్ ఒక వంపు బ్లేడ్ తయారుచేసిండు. చిన్న బల్బు, చేతికి పిడి. ఎడమ చేత్తోటి పట్టి, నాలుకను పక్కకు జరిపి, ముందుకు మీదికి లేపితె తెల్లగ రెండు స్వరతంత్రులు కనబడ్తయి. వాటి నడుమ గొట్టం పోవాలె. ఎనభై ఏండ్లు దాటినా ఇప్పటికి ఎన్నో దవాఖానలల్ల అదే బ్లేడ్. నేను కూడ దాని మీదనే నేర్చుకున్న. దాని మీద నాకు మొహబ్బత్ ఉంది, అబద్ధమెందుకు. ఒక హునర్ చేతికి వచ్చినంక దాన్ని వదలబుద్ధి కాదు.

వీడియో ల్యారింగోస్కోప్‌ల బ్లేడ్ కొస కాడ చిన్న కెమెరా ఉంటది, బొమ్మ తెర మీద కనబడ్తది. అంటె మా కన్ను మలుపు దాటి పోయి అవతల నిలబడ్తది. మెడ వంగకున్నా చూడొచ్చు. 2001ల కెనడా సర్జన్ జాన్ పేసీ గ్లైడ్‌స్కోప్ తెచ్చినంక ఇట్లాంటివి చానా వచ్చినయి.

ఇగ నా గలతీ చెప్పాలె.

అప్పుడు ఖనికి దగ్గరల ఒక ప్రైవేట్ దవాఖానల చేస్తుంటి. మాకు ఒక వీడియో స్కోప్ కొందామని మేనేజ్‌మెంట్ ఒప్పుకుంది. ఏది మంచిదో చెప్పే జిమ్మేదారీ నా మీద పెట్టిన్రు. కంపెనీలోళ్లు వరుసగ వచ్చిన్రు. ప్లాస్టిక్ బొమ్మ తలకాయ తెస్తరు, అందులకు ఎవరు పెట్టినా గొట్టం పోతది. బొమ్మకు రక్తం రాదు, ఉమ్మి రాదు, మెడ నొప్పి ఉండదు. నేను బొమ్మను పక్కకు పెట్టమని, కొన్ని వారాలు ఒక్కో స్కోప్‌ను థియేటర్లనే వాడి చూసిన. ఒకటి పాత బ్లేడ్ వంపే, కొసకు కెమెరా. తెర ఆగిపోతె మామూలు బ్లేడ్ లెక్క కంటితోటి చూసి పని కానియ్యొచ్చు. ఇంకొకటి బాగ వంపు. అద్భుతంగ కనబడ్తది, కాని గొట్టం పోదు! తెర మీద స్వరతంత్రులు పండుగ చంద్రుని లెక్క కనబడ్తుంటయి, గొట్టం మలుపు కాడ తట్టుకొని నిలబడ్తది. లోపల గట్టి తీగ పెట్టి గొట్టాన్ని అదే వంపుకు వంచుకోవాలె. మూడోదానికి పక్కన గొట్టం జారే కాలువ ఉంది, కాని మందం ఎక్కువ. గుట్కాలు, ఖైనీలు నమిలి నోరు రెండు వేళ్లకు కూడ తెరుచుకోనోళ్లకు అది లోపలికే పోదు. (అట్లాంటోళ్లు మన బస్తీలల్ల తక్కువేం లేరు. వాళ్లకు మెలకువల ఉంచే, ముక్కు నుంచి సన్న కెమెరా దారం పంపే పద్ధతి వేరే ఉంది.)

ఇంకా చూసిన. అద్దం మీద ఆవిరి పట్టుడు, రక్తం మరక పడితె తెర మొత్తం ఎర్రగ అయిపోవుడు, బ్యాటరీ ఎంతసేపు, కడగడానికి ఎంత టైం. తెర మీదనే ధ్యాస పెడితె గొట్టం నోట్ల పోయేటప్పుడు అంగిలికి గుచ్చుకోవచ్చు. బ్లేడ్ పెట్టేటప్పుడు నోరు చూడాలె, తర్వాత తెర. గొట్టం పెట్టేటప్పుడు మళ్ల నోరు, తర్వాత తెర. ఇవన్ని రాసి, పాత వంపుదే తీసుకొని, దానికే బాగ వంపు బ్లేడ్ ఒకటి అదనంగ తీసుకుందామని చెప్పిన. కొన్నరు.

లక్షల సామాను. అల్మారీల పెట్టిన్రు. తాళం వేసిన్రు. "కష్టమైన కేస్ వస్తె తీద్దాం" అనుకున్నం. నేనూ తల ఊపిన.

2019ల ఒక రాత్రి అపెండిక్స్ కేస్ వచ్చింది. ముప్పై ఏండ్లు దాటని జవాన్. మెడ పొడుగు, నోరు పెద్దగ తెరిచిండు, కొండనాలుక మొత్తం కనబడింది. మల్లంపాటి ఒకటి. నవ్వుతనే మత్తులకు పోయిండు. బ్లేడ్ పెట్టిన. నాలుక మొదట్ల ఉండే మూత కొస తప్ప ఏం కనబడలే. తల కింద దిండు సరిచేసి మళ్ల చూసిన. అంతే. పెద్ద బ్లేడ్ తీసుకున్న. మూడోసారి చేతి బలం ఎక్కువైంది, టక్కుమని చప్పుడు, ముందు పన్ను సగం విరిగింది. రక్తం. మాస్క్‌తోటి గాలి ఇచ్చుడు కూడ కష్టమైంది.

ఆక్సిజన్ మానిటర్ చప్పుడు మీరు సినిమాలల్ల వినుంటరు. శాతం తగ్గిన కొద్ది ఆ స్వరం లావైతది. మాకు తెర చూడాల్సిన పని లేదు, చెవికే తెలుస్తది. తొంభై. ఎనభై. డెబ్బై కిందికి.

"వీడియో స్కోప్!" అని అరిచిన. చాబీ సాయంత్రం డ్యూటీ దిగి పోయిన సిస్టర్ కాడ ఉంది.

వార్డ్ బాయ్ సిలిండర్ తిప్పే పానా తెచ్చి తాళం పగలగొట్టిండు. అప్పటికి నాకు హోష్ వచ్చి, గొంతు మీద కూసునే మాస్క్ ఒకటి లోపల పెట్టిన. గాలి పోయింది. స్వరం మెల్లగ సన్నబడింది. ఆ పని రెండోసారికే చేయాల్సింది. 2016ల మన దేశం డాక్టర్ల సంఘం ఇచ్చిన గైడ్‌లైన్స్‌ల ఉన్నదే, ప్రయత్నాలు లెక్కపెట్టుకో, నడుమ ఆక్సిజన్ ఇయ్యి, మొండిగ అదే చేయకు అని. నేను చదివినదే, పరీక్షల రాసినదే. తర్వాత వీడియో బ్లేడ్ పెడితె, తుడిచి చూసినంక స్వరతంత్రులు కనబడినయి. తీగ వంచి గొట్టం పెట్టిన. కార్బన్ డయాక్సైడ్ గీత తెర మీద లేచింది. గొట్టం సరైన జాగల ఉందని చెప్పే గవా అది. బాయిల గాలి ఎట్లుందో కంటికి కనబడదు, దీపం, మీటర్ చెప్పాలె. మాకు ఆ గీత అట్ల.

ఆపరేషన్ అయింది. పొద్దుగాల లేచి మాట్లాడిండు. అల్హందులిల్లా.

బయట ఆయన అమ్మ, భార్య నిలబడి ఉన్నరు. పన్ను గురించి అడిగిన్రు. "ముందే కదులుతుండె అమ్మా" అన్న.

అబద్ధం. ఎవరు నేర్పలే, ఎవరు చెప్పమనలే. నోటికి దానంతట అదే వచ్చింది.

తర్వాత ఎన్నోసార్లు అనుకున్న, ఆయనను ముందే చూసి పట్టుకోలేకపోయిన అని. కాని ఈ తీరు నా ఒక్కదానిది కాదు. డెన్మార్క్ డాక్టర్లు 1,88,064 మంది రికార్డులు తీసి 2015ల అచ్చేసిన్రు. గొట్టం పెట్టుడు కష్టమైనోళ్లల్ల 93 శాతం మందిని ముందు ఎవరు కష్టమని అనుకోలే. మళ్ల చదువుండ్రి, 93 శాతం. అంటె "కష్టమైన కేస్ వస్తె తీద్దాం" అన్న మాటకే అర్థం లేదు. కష్టమైన కేస్ నొసటి మీద రాసుకొని రాదు.

2024ల అమెరికా క్లీవ్‌లాండ్ నుంచి వచ్చిన పరిశోధన ఇంకా సాఫ్‌గ చెప్పింది. గుండె, ఛాతీ, రక్తనాళాల ఆపరేషన్లు, మొత్తం 8,429. పాత బ్లేడ్‌తోటి 7.6 శాతం కేసులల్ల ఒకసారి కన్న ఎక్కువ ప్రయత్నం చేయాల్సి వచ్చింది. బాగ వంపున్న వీడియో బ్లేడ్‌తోటి 1.7 శాతం. పెట్టలేక చేతులెత్తేసి ఇంకో సామాను తీసుకున్నవి పాతదానితోటి 4 శాతం, వీడియోతోటి 0.27. అయితె పండ్లకు, గొంతుకు దెబ్బలు రెండిట్ల దాదాపు సమానమే. వీడియో ఉంటె పన్ను విరగదని ఎవరన్న అంటె నమ్మకుండ్రి. ఇంకోటి, అది ఒక్క పెద్ద దవాఖాన లెక్క, మన చిన్న థియేటర్ల లెక్క వేరే ఉండొచ్చు. అంతకు ముందు 2022ల 222 పరిశోధనలు కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష కూడ వీడియోతోటి విఫలమయ్యేది తగ్గుతదనే చెప్పింది.

దీనికి ఎదురు మాట కూడ ఉంది, అది నాకు కొట్టేయబుద్ధి కాదు. ఆ 7.6 పోతె మిగిలిన 92 మందికి పాత బ్లేడే మొదటిసారికే చాలింది. ఇప్పుడు ఖనిలనే మెడికల్ కాలేజీ ఉంది, 2022 నుంచి. రేపు అక్కడ నేర్చుకునే పిల్లలు తెర చూసే నేర్చుకుంటె, కరెంట్ పోయిన రాత్రి, బ్యాటరీ దిగిన రాత్రి ఏం చేస్తరు? అందుకే నేను పాత వంపుకు కెమెరా ఉన్నదే మంచిదంట. పిల్లలు కంటితోటి చూస్తరు, ఉస్తాద్ తెర మీద చూసి చెప్తడు. మేం నేర్చుకునేటప్పుడు ఉస్తాద్‌కు మా భుజం తప్ప ఏం కనబడకపోయేది.

కరోన వచ్చినప్పుడు అల్మారీ దానంతట అదే తెరుచుకుంది. రోగి నోటికి మొహం దూరంగ పెట్టొచ్చని అందరికి వీడియోనే వాడినం. అప్పుడెవరు "కష్టమైన కేసా?" అని అడగలే. మా జాన్ మీదికి వచ్చినప్పుడు తాళం గుర్తుకు రాలే. కరోన తగ్గినంక కొన్ని జాగలల్ల మళ్ల లోపలికి పోయింది.

ఈ కథ మొత్తం అబ్బాకు చెప్పిన, పన్ను అబద్ధంతోటి సహా. చాయ్ చల్లారిపోయింది. ఆయన ఇన్నడు. చివరికి అడిగిండు, "ఆ బత్తి ఉండంగ అల్మారీల ఎందుకు పెట్టిన్రు?"

"మహెంగా సామాను అబ్బా, కష్టమున్నోళ్లకని."

"మా ల్యాంప్ రూంల కష్టమున్న గల్లీకి పోయేటోళ్లకే బత్తి ఇస్తమంటె ఎట్లుంటది? టోకెన్ వేసినోళ్లందరికి బత్తి. ఏ గల్లీల కప్పు ఎట్లుందో దిగినంకనే గద తెలిసేది."

నేను నాలుగు డిపార్ట్‌మెంట్ మీటింగులల్ల చెప్పలేకపోయిన మాట. గుస్సా కూడ వచ్చింది కొంచెం.

కరీంనగర్‌ల అబ్బాకు మత్తిచ్చింది నేను కాదు, ఇంట్లోళ్లకు ఇయ్యొద్దని నా నియమం. ముందురోజు ఆ డాక్టర్‌ను కలిసి, బిడ్డ లెక్కనే అడిగిన. మెడ వంగదు, మల్లంపాటి మూడు, బొగ్గు దుమ్ము తిన్న ఊపిరితిత్తులు, ఆక్సిజన్ జల్ది పడిపోవచ్చు. వీడియో స్కోప్ ఉందా, థియేటర్ల బల్ల పక్కన ఉంటదా? ఆయన బురా మానలే. "ట్రాలీ మీదనే ఉంటది మేడం, అందరికి దాంతోటే" అన్నడు. దాఢీ సంగతి అబ్బా స్వయంగ అడిగిండు. కత్తెరతోటి పిడికెడుకు తగ్గించుకుంటె చాలన్నడు. అబ్బా మొహం అప్పుడు చూడాలె మీరు. గొట్టం మొదటిసారికే పోయిందట. నాలుగో రోజు ఇంటికొచ్చి పాయా తింటనంటె అమ్మీ గరిటె చూపించింది.

మీరూ అడగండి. అదబ్‌గ అడిగితె ఏ మంచి డాక్టర్ కోపం తెచ్చుకోడు. మెడ నొప్పుంటె, నోరు సరిగ తెరుచుకోకుంటె, పండ్లు కదిలితె, పోయిన ఆపరేషన్‌ల గొట్టం కష్టమైందని ఎవరన్న చెప్పి ఉంటె, దాచకుండ చెప్పండి. పెట్టుడు పండ్లు తీసి ఇంటోళ్ల చేతికియ్యండి. ఇస్తరాని అడగండి ఆ రాత కాయితం.

ఆ కాయితమే నా మెడకు చుట్టుకుంది. గొట్టం కష్టమైన మనిషికి ఒక చీటీ రాసియ్యాలె. ఇట్ల అయింది, ఇది పనికి రాలే, దీంతోటి అయింది అని. రేపు ఇంకో ఊర్ల, ఇంకో దవాఖానల ఆ నవ్వే నోరును చూసి ఇంకో డాక్టర్ కూడ ధోకా తినకుండ. నేను "పన్ను ముందే కదులుతుండె" అన్నప్పుడు పన్ను గురించే అబద్ధం చెప్పిన అనుకున్న. ఆ అబద్ధం కింద చీటీ కూడ దాగిపోయింది. చీటీ ఇస్తె నాలుగుసార్లు ఎందుకు చేసిన్రని అడుగుతరు గద.

అబ్బా ఇంటికొచ్చిన వారానికి పాత దవాఖానకు పోయి రిజిస్టర్ల నుంచి ఫోన్ నంబర్ తీయించిన. లక్ష్మీనగర్‌ల ఒక చాయ్ హోటల్ కాడ కలుద్దామన్నడు. ఆటో పక్కకు పెట్టి వచ్చిండు. ముందు పన్ను జాగల కొత్తది, కొంచెం తెల్లగ ఎక్కువ. మొత్తం చెప్పిన. నాలుగోసారికి అయిందని, పన్ను నా చేతులనే విరిగిందని, ఆక్సిజన్ ఎంతకు పడిందని. ఆయన చాయ్‌ల బిస్కెట్ ముంచి అట్లనే పట్టుకున్నడు. అది విరిగి గ్లాసుల పడింది.

"అంటె నేను పోయేటోన్ని," అన్నడు.

"ఆఁ."

"మా అమ్మ చచ్చిపోయింది మేడం, పోయినేడు. పన్ను కదులుతుండె అన్నరని, చిన్నప్పుడు పాలు సరిగ పట్టలేదని ఆమెనే అనుకునేది."

దానికి నేనేం చెప్పలే. చీటీ ఇచ్చిన. ఒక పక్క తెలుగుల, ఒక పక్క ఇంగ్లీషుల రాసిన. ఆయన రెండు దిక్కుల చదివిండు. ఫోన్ కవర్ తీసి, లోపల ఆధార్ కార్డు వెనుక పెట్టి, మళ్ల కవర్ బిగించిండు. చాయ్ పైసలు ఆయనే ఇచ్చిండు, నన్ను ఇయ్యనియ్యలే.